అర్జెంటీనా–ఫ్రాన్స్ ఫైనల్: ఎవరికెంత శాతం? నాలుగు రోజుల షీటు డైరీ

మా ఆఫీసులో 2022 వరల్డ్ కప్ ఫైనల్‌కి ఒక పోటీ పెట్టారు. గెలిచేది ఎవరో చెబితే సరిపోదు, ఎంత శాతమో రాసి కవరులో పెట్టి ఇవ్వాలి. చివరికి కప్పు ఎత్తిన జట్టుకి మనం ఎంత శాతం రాశామో చూసి, 1లోంచి ఆ శాతం తీసేసి వచ్చినదాన్ని వర్గం చేస్తారు. అదే బ్రయర్ స్కోరు. ఎవరిది తక్కువ వస్తే వాళ్ళకి బిర్యానీ. డబ్బు లేదు. ఆన్‌లైన్ బెట్టింగు తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి నిషేధం కాబట్టి, ఈ షీటు పట్టుకుని ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

సామాను: ఒక స్ప్రెడ్‌షీటు, ఫీఫా అక్టోబరు 6న ఇచ్చిన ర్యాంకింగ్ పాయింట్లు, రెండు జట్లూ ఆడిన చెరో ఆరు మ్యాచ్‌ల ఫలితాలు, కాగితం, పెన్సిలు. సలహాకి మా బాబాయ్ ఉన్నాడు. సికింద్రాబాద్‌లో కుర్రతనంలో గోల్‌కీపర్‌గా ఆడాడు.

దశ 1: ఫలితాలు ఎక్కించడం (డిసెంబరు 15, గురువారం రాత్రి)

ఫ్రాన్స్–మొరాకో సెమీఫైనల్ మన టైము ప్రకారం అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలైంది. ఆ నిద్ర కళ్ళతోనే మర్నాడు రాత్రి కూర్చుని ఎక్కించిన వరుసలివి.

అర్జెంటీనా: సౌదీ 1–2, మెక్సికో 2–0, పోలండ్ 2–0, ఆస్ట్రేలియా 2–1, నెదర్లాండ్స్ 6–5, క్రొయేషియా 3–0.

ఫ్రాన్స్: ఆస్ట్రేలియా 4–1, డెన్మార్క్ 2–1, ట్యునీషియా 0–1, పోలండ్ 3–1, ఇంగ్లండ్ 2–1, మొరాకో 2–0.

మొదటి వరుసలో తప్పు మీకు ఈపాటికి కనిపించే ఉంటుంది. నాకు గంట పట్టింది. నెదర్లాండ్స్‌తో స్కోరు 2–2. సమమయ్యాక గెలుపు తేల్చడానికి కొట్టించే పెనాల్టీల షూటౌట్ 4–3. నేను రెండూ కలిపి 6–5 కొట్టాను. దాంతో అర్జెంటీనా 16 గోల్స్ కొట్టి 8 ఇచ్చినట్టయింది. అసలు లెక్క 12 కొట్టి 5 ఇచ్చింది. ఫ్రాన్స్ 13 కొట్టి 5 ఇచ్చింది.

గోల్ అంచనాకి నేను వాడిన లెక్క చాలా మామూలుది:

1. ఒక జట్టు మ్యాచ్‌కి సగటున ఎన్ని కొట్టిందో తీసుకోండి.
2. ఎదుటి జట్టు మ్యాచ్‌కి సగటున ఎన్ని ఇచ్చిందో దానితో గుణించండి.
3. టోర్నీలో ఒక జట్టు ఒక మ్యాచ్‌కి కొట్టే సగటుతో భాగించండి. అప్పటికి 62 మ్యాచ్‌ల్లో 163 గోల్స్, అంటే జట్టుకి 1.31.

తప్పు వరుసతో అర్జెంటీనాకి 1.69, ఫ్రాన్స్‌కి 2.20 వచ్చాయి. ఫైనల్లో దాదాపు నాలుగు గోల్స్ అన్నమాట. అనుమానం అక్కడే వచ్చింది. వరుస సరిచేశాక 1.27, 1.37 అయ్యాయి. ఇవి మనుషులు నమ్మే అంకెలు.

మార్పు: షూటౌట్‌కి విడిగా ఒక కాలమ్ పెట్టాను. గోల్స్ కాలమ్‌లో 120 నిమిషాల్లో పడినవే ఉండాలి.

గడిచిన టైము: 1 గంట 30 నిమిషాలు.

దశ 2: స్కోర్ల గళ్ళు (అదే రాత్రి)

అడ్డంగా ఫ్రాన్స్ గోల్స్ 0 నుంచి 7, నిలువుగా అర్జెంటీనా గోల్స్ 0 నుంచి 7. మొత్తం 64 గళ్ళు. ప్రతి గడిలో ఆ స్కోరు పడే అవకాశం. సగటుని బట్టి ఎన్ని గోల్స్ పడే అవకాశం ఎంతో చెప్పే పాయిసాన్ ఫార్ములా షీటులో ఉండనే ఉంది, గోల్ అంచనా ఇస్తే చాలు. గళ్ళన్నీ కూడితే 1కి చాలా దగ్గరగా రావాలి.

నాకు 44.6 వచ్చింది.

ఫార్ములా చివర ట్రూ అనో ఫాల్స్ అనో ఇవ్వాలి. ఉదాహరణకి రెండు గోల్స్ గడిలో ఫాల్స్ ఇస్తే సరిగ్గా రెండు గోల్స్ పడే అవకాశం చెబుతుంది. ట్రూ ఇస్తే రెండుగానీ అంతకు తక్కువగానీ పడే అవకాశం చెబుతుంది. నేను ట్రూ పెట్టాను. ఇలా కూడి చూసే గడి లేకపోతే ఈ తప్పు ఎప్పటికీ దొరికేది కాదు, ఎందుకంటే విడివిడిగా చూస్తే ప్రతి గడిలోనూ సున్నాకి ఒకటికి మధ్య అంకె బుద్ధిగా కూర్చుని ఉంది. ఈ షీటు కాపీ చేసేవాళ్ళకి నా మొదటి సలహా: గళ్ళ కన్నా ముందు కూడిక గడి పెట్టండి, 1 రాకపోతే ఎర్రగా మారేట్టు చెయ్యండి.

సరిచేశాక, 90 నిమిషాలకి: అర్జెంటీనా గెలుపు 34.5, డ్రా 26.1, ఫ్రాన్స్ గెలుపు 39.4 శాతం.

గడిచిన టైము: 50 నిమిషాలు. మొత్తం 2 గంటల 20 నిమిషాలు.

దశ 3: నిమిషాలు (డిసెంబరు 16, శుక్రవారం)

నెదర్లాండ్స్ మ్యాచ్ 120 నిమిషాలు సాగింది. అంటే అర్జెంటీనా 570 నిమిషాలు ఆడింది, ఫ్రాన్స్ 540. మ్యాచ్‌ల సంఖ్యతో భాగిస్తే అర్జెంటీనాకి అరగంట ఆట ఉచితంగా ఇచ్చినట్టు. కాబట్టి మ్యాచ్‌కి బదులు 90 నిమిషాల లెక్కన మార్చాలనుకున్నాను. అలా చేస్తే టోర్నీ సగటు కూడా మార్చాలి. అప్పటికి నాలుగు మ్యాచ్‌లు ఎక్స్‌ట్రా టైముకి వెళ్ళాయి: జపాన్–క్రొయేషియా, మొరాకో–స్పెయిన్, క్రొయేషియా–బ్రెజిల్, ఇది. జట్టు సగటు 1.31 నుంచి 1.29కి దిగింది.

రెండు గంటలు పట్టింది. ఒకచోట నిమిషాలు, ఇంకోచోట మ్యాచ్‌లు మిగిలిపోయి తికమక పడ్డాను. చివరికి వచ్చినవి 34.3, 26.6, 39.1.

అర శాతానికి మించి ఏదీ కదల్లేదు! పద్ధతిగా చూస్తే చెయ్యాల్సిన సవరణే. కానీ టైము తక్కువున్నవాళ్ళు దీన్ని వదిలేసి తర్వాతి దశకి వెళ్ళొచ్చు.

మొత్తం 4 గంటల 20 నిమిషాలు.

దశ 4: ట్యునీషియా మ్యాచ్‌ని ఏం చెయ్యాలి?

ఇక్కడే నా చెయ్యి వణికింది. ట్యునీషియాతో ఆడేటప్పటికే ఫ్రాన్స్ నాకౌట్‌కి చేరిపోయింది. కోచ్ దెషాం తొమ్మిదిమందిని మార్చి దింపాడు. ఎంబాపే, గ్రీజ్‌మన్ బెంచీ మీద నుంచి వచ్చినవాళ్ళే. చివర్లో గ్రీజ్‌మన్ కొట్టిన గోల్‌ని వీఏఆర్‌లో, అంటే వీడియోలో చూసి కొట్టేశారు. 0–1. ఆ ఓటమి ఫైనల్ ఆడబోయే జట్టు గురించి ఏం చెబుతుంది? పెద్దగా ఏమీ లేదు.

తీసేద్దామని వరుస మీద మౌస్ పెట్టాను. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఇది తీసేస్తే సౌదీ మ్యాచ్ కూడా తీసెయ్యొచ్చుగా? అందులో మొదటి సగంలోనే అర్జెంటీనా గోల్స్ మూడు ఆఫ్‌సైడ్ కింద పోయాయి. పైగా ఆ ఓటమి తర్వాతే ఎంజో ఫెర్నాండెజ్, మాక్ అలిస్టర్, హూలియన్ ఆల్వారెజ్ జట్టులో పాతుకుపోయారు. నిజం చెప్పాలంటే నేను మెస్సీ వైపు. నా చెయ్యి సౌదీ వరుస వైపు వెళ్ళడానికి కారణం అదే.

కాబట్టి షీటు మూసేసి కాగితం మీద ముందు నియమం రాశాను:

1. ఏ మ్యాచ్‌నీ పూర్తిగా తీసెయ్యకూడదు.
2. ఆ మ్యాచ్ మొదలుపెట్టిన పదకొండు మందిలో ఫైనల్ మొదలుపెట్టేలా కనిపించేవాళ్ళు ఆరుగురి కన్నా తక్కువైతే దానికి సగం బరువు.
3. నియమం రాశాక ఫలితం నచ్చకపోయినా మార్చకూడదు.

ట్యునీషియా మీద దిగినవాళ్ళలో వరాన్, చువామెనీ ఇద్దరే ఫైనల్ జట్టులో ఉండేవాళ్ళు. సగం బరువు. సౌదీ మీద దిగినవాళ్ళలో గోల్‌కీపర్ మార్టినెజ్, మొలీనా, రొమేరో, ఓతమెండి, డి పాల్, మెస్సీ ఎలాగూ ఉంటారు. ఆరుగురు. పూర్తి బరువు. నా కోరిక నా నియమం చేతిలోనే ఓడింది.

ఇప్పుడు 31.4, 25.8, 42.8. అర్జెంటీనా మూడు శాతం కిందికి పోయింది.

మొత్తం 5 గంటల 35 నిమిషాలు.

దశ 5: పెనాల్టీలు తీసేస్తే (డిసెంబరు 17, శనివారం పొద్దున)

ఇది పక్కదారి. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ దారిలో పడేవాళ్ళు చాలామంది.

అర్జెంటీనాకి అప్పటిదాకా నాలుగు పెనాల్టీలు వచ్చాయి. సౌదీ, నెదర్లాండ్స్, క్రొయేషియా మీద మెస్సీ కొట్టాడు. పోలండ్ మీద షెజ్నీ ఆపేశాడు. ఫ్రాన్స్‌కి ఒక్కటీ రాలేదు. ఫ్రాన్స్ ఇచ్చిన ఐదు గోల్స్‌లో రెండు పెనాల్టీలే, లెవాండోస్కీది ఒకటి, హ్యారీ కేన్‌ది ఒకటి. కేన్ రెండోదాన్ని బారు మీదుగా ఆకాశంలోకి పంపాడు. అర్జెంటీనా ఇచ్చిన ఐదింట్లో పెనాల్టీ ఒక్కటీ లేదు.

పెనాల్టీలు తీసేస్తే అర్జెంటీనా 9 కొట్టి 5 ఇచ్చింది, ఫ్రాన్స్ 13 కొట్టి 3 ఇచ్చింది. సగం బరువు నియమం పక్కన పెట్టి, 3వ దశ లెక్కలో ఈ అంకెలు పెట్టి చూస్తే: అర్జెంటీనా 15, డ్రా 29, ఫ్రాన్స్ 56.

ఒక్క సవరణతో ఇంత తేడానా? బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"పెనాల్టీ గోల్ కాదా మరి? ఏం గోల్ అది?" అన్నాడు.

"అది ఆటలోంచి పుట్టింది కాదు కదా బాబాయ్, రిఫరీ ఇస్తే వచ్చింది."

"రిఫరీ ఊకెనే ఇస్తడారా? బాల్ పట్టుకొని లోపలికి దూరినోనికే ఇస్తడు. దూరనోనికి ఎవడిస్తడు? ఫైనల్ల పెనాల్టీ ఇయ్యమని రూలేమన్న రాసుకున్నవా నువ్వు?"

రాసుకోలేదు. ఇంకో తప్పు కూడా ఉంది, అది నాకే దొరికింది. జట్ల గోల్స్‌లోంచి పెనాల్టీలు తీశాను గానీ టోర్నీ సగటులోంచి తియ్యలేదు. కొలబద్ద ఒకటి, కొలిచేది ఇంకొకటి. 62 మ్యాచ్‌ల పెనాల్టీలన్నీ లెక్కపెట్టే ఓపిక లేదు. ఈ ట్యాబ్‌కి బూడిద రంగు వేసి పక్కన పెట్టాను. 4వ దశ అంకెలే ఉంచాను.

మొత్తం 6 గంటల 45 నిమిషాలు.

దశ 6: ఆరు మ్యాచ్‌లు చాలవు

ఈ పని మొదటే చెయ్యాల్సింది. 12 గోల్స్ అనేది ఎంత గట్టి అంకె? ఇలాంటి లెక్కల్లో అటూ ఇటూ ఊగేది దాదాపు వర్గమూలమంత. 12కి వర్గమూలం మూడున్నర. అంటే అదే జట్టు అదే ఆట ఆడినా 9 రావచ్చు, 15 రావచ్చు. అలాంటప్పుడు 12కి 13కి తేడా ఉందనుకోవడం ఏమిటి? రెండు రోజులుగా నేను ఆ ఒక్క గోల్ తేడా మీదే మేడలు కడుతున్నాను.

దీనికి మందు ఒకటుంది. ప్రతి జట్టుకీ సగటు జట్టులా ఆడిన ఉత్తుత్తి మ్యాచ్‌లు కొన్ని కలపడం. ఎన్ని? నిజంగా ఆడినన్ని, అంటే ఆరు. అంతకన్నా మంచి కారణం నా దగ్గర లేదు, కానీ ఫలితం చూడకముందే ఆ అంకె కాగితం మీద రాశాను.

లెక్క:

1. అర్జెంటీనా కొట్టినవి: (12 + 7.72) ÷ 12.33 = 1.60. ఇచ్చినవి: (5 + 7.72) ÷ 12.33 = 1.03.
2. ఫ్రాన్స్ కొట్టినవి: (13 + 7.72) ÷ 11.5 = 1.80. ఇచ్చినవి: (4.5 + 7.72) ÷ 11.5 = 1.06.
3. ఫైనల్ గోల్ అంచనా: అర్జెంటీనా 1.32, ఫ్రాన్స్ 1.44.

7.72 అంటే ఆరు ఉత్తుత్తి మ్యాచ్‌ల గోల్స్. 12.33, 11.5 అంటే నిజంగా ఆడిన ఆటని 90 నిమిషాల మ్యాచ్‌లుగా మార్చి, దానికి ఆ ఆరూ కలిపినవి. 11.5లో అర తగ్గింది, 4.5లో అర కనిపిస్తోంది, రెండూ ట్యునీషియా సగం బరువు వల్లే.

90 నిమిషాలకి 34.5, 25.4, 40.1. మొదటి రోజు రాత్రి వచ్చిన అంకెలకి దాదాపు తిరిగొచ్చేశాను. తిక్క పుట్టింది, కానీ ఇప్పుడు ఆ అంకె ఎందుకొచ్చిందో నాకు తెలుసు.

మొత్తం 8 గంటలు.

దశ 7: ర్యాంకింగ్ పాయింట్లు, మూడు తప్పులు

గోల్స్ లెక్క ఈ నెల ఆటే చూస్తుంది. జట్టు పాత బలం చూడాలంటే రేటింగ్ కావాలి. ఫీఫా అక్టోబరు పట్టికలో అర్జెంటీనా 1773.88తో మూడోది, ఫ్రాన్స్ 1759.78తో నాలుగోది. తేడా 14.1.

మొదటి తప్పు: భాజకం. చదరంగం నుంచి వచ్చిన పాత ఎలో సూత్రంలో తేడాని 400తో భాగిస్తారు. ఫీఫా 2018 నుంచి వాడే సూత్రంలో 600. నేను అలవాటుగా 400 కొట్టాను. 14 పాయింట్లకి తేడా తెలీదు. 200 పాయింట్ల తేడా పెట్టి చూస్తే తెలుస్తుంది: 400తో 76 శాతం, 600తో 68 శాతం. చిన్న తేడా ఉన్న మ్యాచ్‌తో ఫార్ములాని పరీక్షిస్తే తప్పు దాక్కుంటుంది. పెద్ద తేడాతో పరీక్షించండి.

రెండో తప్పు ఇంకా సిగ్గుచేటు. పాత షీటు ఒకదాన్నించి ఫార్ములా తెచ్చుకున్నాను. అందులో మొదట రాసిన జట్టు సొంత ఊళ్ళో ఆడుతున్నట్టు లెక్క, దానికి 100 పాయింట్లు కలుస్తాయి. ఫైనల్ షెడ్యూలులో అర్జెంటీనా పేరు ముందుంది. ఆ 100 వల్ల అర్జెంటీనా 60.8 శాతానికి ఎగిరింది. ఫైనల్ జరిగే లుసైల్ స్టేడియం బ్యూనస్ ఎయిరెస్‌లో లేదు. సొంత గడ్డ అంటే ఖతార్‌కే, వాళ్ళేమో మూడు మ్యాచ్‌లూ ఓడి ఇంటికెళ్ళారు. అర్జెంటీనా అభిమానులే ఎక్కువమంది వస్తారని అందరూ అంటున్నారు, దానికి పది పాయింట్లో ఇరవయ్యో ఇద్దామా అని కాసేపు గుంజాటన పడ్డాను. నియమం ముందు రాసుకోలేదు కాబట్టి ఇవ్వలేదు.

100 తీసేస్తే 51.4.

మూడో తప్పు: ఆ 51.4ని 90 నిమిషాల గెలుపు గడిలో పెట్టాను. 51.4 + 25.4 + 40.1 = 116.9. కూడిక గడి ఎర్రబడింది. ఈ సూత్రం ఇచ్చేది గెలిచే అవకాశం కాదు, గెలుపుకి 1, డ్రాకి అర వేసుకుని వచ్చే సగటు. నాకౌట్లో డ్రా తర్వాత చెరిసగం అనుకుంటే దీన్ని కప్పు ఎత్తే అవకాశం పక్కన పెట్టొచ్చు. 90 నిమిషాల గెలుపు పక్కన పెట్టకూడదు.

ఈ పాయింట్లు టోర్నీకి ముందువి. మధ్యలో నేనే కొత్తవి లెక్కవేద్దామని మొదలుపెట్టి వదిలేశాను. ఫీఫా లెక్కలో గ్రూపు దశకి గుణకం 50, క్వార్టర్‌ఫైనల్ నుంచి 60. షూటౌట్‌లో గెలిస్తే 0.75, ఓడితే 0.5. నాకౌట్లో ఓడితే పాయింట్లు తగ్గవు. ఎదుటి జట్ల పాయింట్లు కూడా ఒక్కో మ్యాచ్‌కీ మార్చుకుంటూ రావాలి. ఒక్క ఫైనల్ కోసం అంత పని దండగ అనిపించింది.

మొత్తం 9 గంటల 40 నిమిషాలు.

దశ 8: ఎక్స్‌ట్రా టైము, షూటౌట్ (డిసెంబరు 18, ఆదివారం)

ఎక్స్‌ట్రా టైము 30 నిమిషాలు, కాబట్టి గోల్ అంచనాల్లో మూడోవంతు: 0.44, 0.48. మళ్ళీ అవే గళ్ళు. ఎక్స్‌ట్రా టైములో అర్జెంటీనా గెలుపు 24.2, సమం 48.7, ఫ్రాన్స్ 27.1. మొత్తం మీద మ్యాచ్ షూటౌట్ దాకా వెళ్ళే అవకాశం 12.4 శాతం.

షూటౌట్‌కి ఎంతెంత? బాబాయ్ ఇక్కడ గట్టిగా పట్టుబట్టాడు. "కీపర్‌ని చూడురా. కొలంబియా మీద మూడు పట్టిండు. మొన్న హాలెండ్ మీద రెండు పట్టిండు. వానికి సగమే ఇస్తవా?" కొలంబియా అని ఆయన చెప్పేది 2021లో దక్షిణ అమెరికా జట్ల టోర్నీ కోపా అమెరికా సెమీఫైనల్ గురించి. వరల్డ్ కప్ షూటౌట్లలో అర్జెంటీనా అప్పటికి ఆరింట్లో ఐదు గెలిచింది, ఫ్రాన్స్ నాలుగింట్లో రెండు. అంతకు ముందు ఏడాదే యూరోలో ఎంబాపే కొట్టిందాన్ని స్విట్జర్లాండ్ కీపర్ ఆపితే ఫ్రాన్స్ ఇంటిదారి పట్టింది.

అరగంట వాదించుకున్నాం. చివరికి రెండూ పెట్టి చూశాను:

1. షూటౌట్ 50–50 అయితే అర్జెంటీనా కప్పు ఎత్తే అవకాశం 46.8.
2. షూటౌట్ 55–45 అయితే 47.4.

అరగంట వాదన విలువ 0.6 శాతం. వాదించేముందు ఆ గడి ఎంత కదుపుతుందో చూసుకోవాలని అప్పుడు తట్టింది. 50 ఉంచాను. బాబాయ్ ఫోన్ పెట్టేశాడు.

గోల్స్ లెక్క 46.8. రేటింగ్ లెక్క 51.4. రెంటికీ సమాన బరువు, సగటు 49.1.

మొత్తం 10 గంటల 30 నిమిషాలు.

దశ 9: ఖాళీగా వదిలేసిన గళ్ళు

పాత ముఖాముఖి: వరల్డ్ కప్పుల్లో 1930, 1978లో అర్జెంటీనా గెలిచింది, 2018లో కజాన్‌లో 4–3తో ఫ్రాన్స్ గెలిచింది. మొదటి రెంటిలో ఆడినవాళ్ళెవరూ ఇప్పుడు బూట్లు కట్టుకోవట్లేదు. వదిలేశాను.

ఫ్రాన్స్ శిబిరంలో జ్వరాలు: ఉపమెకానో, రాబియో సెమీఫైనల్ ఆడలేదు. శుక్రవారానికి వరాన్, కొనాటె, కోమన్ పేర్లు కూడా వార్తల్లోకొచ్చాయి. జ్వరం వచ్చి తగ్గినవాడు ఎన్ని గోల్స్ తక్కువ? నా దగ్గర కొలత లేదు. ఖాళీ.

డి మరియా: పోలండ్ మ్యాచ్ తర్వాత మొదటి పదకొండు మందిలో లేడు. దిగుతాడో లేదో తెలీదు. ఖాళీ.

సాయంత్రం ఏడింటికి షీటు తాళం వేసి, కవరులో రాసిచ్చింది: అర్జెంటీనా 49, ఫ్రాన్స్ 51. పక్క సీటు అబ్బాయి నా కవరు చూసి "అన్నా, దీనికి నాలుగు రోజులా?" అన్నాడు. వాడు అర్జెంటీనా 95 రాశాడు. కారణం అడిగితే, "మెస్సీ" అన్నాడు.

మొత్తం 11 గంటలు.

దశ 10: మ్యాచ్ అయ్యాక

ఎనిమిదిన్నరకి మొదలైంది. అరగంట తిరక్కముందే నా ఖాళీ గడి నా మొహాన కొట్టింది. డి మరియా ఎడమవైపు దిగాడు. డెంబెలే అతన్ని పడేస్తే పెనాల్టీ, మెస్సీ గోల్. 36వ నిమిషంలో డి మరియాయే రెండోది కొట్టాడు. దెషాం మొదటి సగం అవ్వకుండానే జిరూని, డెంబెలేని బయటికి పిలిచేశాడు. గంట దాటినా ఫ్రాన్స్ గోల్ వైపు ఒక్క షాట్ కొట్టలేదు. 1.44 గోల్స్ కొట్టాల్సిన జట్టు!

తర్వాత డి మరియా స్థానంలో అకున్యా వచ్చాడు. 80వ నిమిషంలో పెనాల్టీ, ఎంబాపే. రెండు నిమిషాలు తిరక్కుండా ఇంకోటి, మళ్ళీ ఎంబాపే. 2–2. ఇక్కడ నా గళ్ళ అసలు లోపం కనిపించింది. పాయిసాన్ లెక్కకి ప్రతి గోలూ ఒంటరిది, ముందు పడినదానితో సంబంధం లేదు. మైదానంలో అలా ఉండదు. రెండు గోల్స్ ముందున్న జట్టు వెనక్కి జరుగుతుంది, వెనకబడిన జట్టు తెగిస్తుంది. నెదర్లాండ్స్ మీద కూడా అర్జెంటీనా 2–0 నుంచే 2–2కి జారింది. ఆ వరుస నా షీటులోనే ఉంది, చూసే కాలమ్ లేదు.

షీటు చెప్పింది, జరిగింది:

1. 90 నిమిషాలకి 2–2 అవకాశం 5.7 శాతం. అదే జరిగింది. అన్నిటికన్నా ఎక్కువ అవకాశం 1–1కి ఉంది, 12 శాతం.
2. షూటౌట్ దాకా వెళ్ళే అవకాశం 12.4 శాతం. వెళ్ళింది. 108వ నిమిషంలో మెస్సీ, 118లో మళ్ళీ ఎంబాపే పెనాల్టీ, 3–3.
3. ఆటలో పడిన ఆరు గోల్స్‌లో మూడు పెనాల్టీలు. అందులో రెండు, టోర్నీ అంతా ఒక్కటీ రాని ఫ్రాన్స్‌వి. బూడిద రంగు ట్యాబ్‌ని నమ్ముకుని ఉంటే నా కవరులో ఏముండేదో తలుచుకుంటే నవ్వొస్తుంది.
4. షూటౌట్‌లో కోమన్ కొట్టింది మార్టినెజ్ ఆపాడు, చువామెనీ బయటికి కొట్టాడు, మోంతియెల్ ముగించాడు. 4–2. ఫోన్ మోగింది. ఎత్తగానే "సగమా?" అన్నాడు బాబాయ్.

సోమవారం స్కోర్లు కట్టారు. నాది 0.51 వర్గం, 0.26. ఏ లెక్కా లేకుండా 50–50 రాసిన హెచ్ఆర్ మేడమ్‌ది 0.25. 95 రాసిన అబ్బాయిది 0.0025. బిర్యానీ వాడికే. ఒక్క మ్యాచ్‌తో స్కోరు కడితే ఇంతే, ఎంత గట్టిగా అరిచి గెలిస్తే అంత మార్కు. అదే అబ్బాయి సౌదీ మ్యాచ్‌కి కూడా అర్జెంటీనా 95 రాసి ఉంటే ఆ రోజు స్కోరు 0.90 వచ్చేది. వచ్చే టోర్నీకి పోటీ నాకౌట్ మ్యాచ్‌లన్నిటికీ పెట్టమని అడిగాను. ఒప్పుకున్నారు, ప్రతి మ్యాచ్‌కీ బిర్యానీ మాత్రం కుదరదన్నారు.

22న ఫీఫా కొత్త పట్టిక వచ్చింది. కప్పు గెలిచినా అర్జెంటీనా రెండోదే, క్వార్టర్స్‌లో ఇంటికెళ్ళిన బ్రెజిల్ మొదటిదే. నాకౌట్లో ఓడితే పాయింట్లు పోవన్న నియమం బ్రెజిల్‌ని కాచింది.

ఈసారి షీటులో మార్చినవి: ముందున్న జట్టుకి, వెనకబడ్డ జట్టుకి గోల్ వేగం విడిగా లెక్కించే కాలమ్ ఒకటి, ఇంకా ఖాళీనే. సొంత గడ్డ గడికి జట్టు పేర్ల వరుసతో సంబంధం తెంపేశాను. చివరగా ఫైనల్ వరుస చేర్చాను: అర్జెంటీనా 3, ఫ్రాన్స్ 3, 120 నిమిషాలు. 4–2ని దాని కాలమ్‌లో పెట్టాను.